మూడోవంతు తప్పు

"ఆ బెల్టు ఒక్కటి పెట్టుకుని ఉంటే ఇవాళ మనకీ తిరుగుడు ఉండేది కాదు."

ఆ పొద్దున బావ ఆ మాట అనడం అది రెండోసారి. గొంతు పెంచలేదు. బల్లమీద ఫైలు విప్పి కాగితాలు వరసలో పెట్టుకుంటూ తనలో తాను అనుకున్నట్టే అన్నాడు. అయినా వంటగది గుమ్మంలో ఉన్న అక్కకి వినపడింది. కిటికీ దగ్గర జడ అల్లుకుంటున్న చెల్లెలికీ వినపడింది.

అక్క ఎడమచేత్తో గ్లాసు కడిగి బోర్లించబోయింది. అది జారి గిన్నెల మీద పడింది. ముగ్గురూ ఒక్క క్షణం ఆ చప్పుడు వైపే చూశారు.

"పగల్లేదులెండి" అంది అక్క.

చెల్లెలు జడ సగంలో వదిలేసి మళ్ళీ మొదటినుంచీ అల్లడం మొదలుపెట్టింది.

ప్రమాదం జరిగి తొమ్మిది నెలలైంది. ఆ సాయంత్రం కారు నడిపింది చెల్లెలే. కారూ ఆమెదే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దింది. తనకి గడ్డం మీద చిన్న గీత పడింది, అంతే. పక్క సీట్లో ఉన్న అక్క ముందుకి తూలిపోతూ కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంది. మణికట్టు మూడుచోట్ల విరిగింది. ఎముకలు అతుక్కున్నాయి గాని బొటనవేలికీ, దాని పక్కనున్న రెండు వేళ్ళకీ స్పర్శ తిరిగి రాలేదు. వేడి తెలియదు, చల్లన తెలియదు, పట్టుకున్నది జారిపోతోందని కూడా తెలియదు.

ఆ చెయ్యే అక్క బతుకు. పళ్ళ డాక్టర్లు పంపే ప్లాస్టర్ అచ్చులు ముందు పెట్టుకుని, వెనక గదిలో చిన్న స్పిరిట్ దీపం వెలుగులో మైనంతో పన్నూ పన్నూ తీర్చి కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేసేది. పంతొమ్మిదేళ్ళు అదే పని. ఆ పనిమీద వచ్చిన డబ్బుతోనే చెల్లెలికి డ్రైవింగ్ నేర్పించింది, తర్వాత డ్రైవింగ్ నేర్పే పంతులమ్మ కావడానికి శిక్షణా ఇప్పించింది. ఇప్పుడు చెల్లెలు ఒక డ్రైవింగ్ స్కూల్లో పనిచేస్తోంది. పక్క సీట్లో కూర్చుని కాలికింద ఉన్న రెండో బ్రేకు తొక్కుతూ ఉంటుంది గనక నేర్చుకునేవాళ్ళందరూ ఆమెని 'బ్రేకు మేడం' అంటారు. మొదట్లో ఆ పేరు విని అక్క పడీపడీ నవ్వింది. ఈ తొమ్మిది నెలల్లో ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

బీమా కంపెనీ పంపిన ఆఫర్ లెటర్ మూడు రోజులుగా బల్లమీదే ఉంది. దాంట్లో రెండు కోతలున్నాయి. మొదటిది, చేతికి జరిగిన నష్టం నాలుగోవంతేనని వాళ్ళ డాక్టరు రాసిచ్చాడు. ఇంటిపనులు చేసుకోగలదట. రెండోది, బెల్టు పెట్టుకోలేదు గనక తన గాయానికి మూడోవంతు బాధ్యత అక్కదేనట. మొదటిదాని మీద పోట్లాడటానికి బావ దగ్గర కాగితాలున్నాయి. ఆరుగురు పళ్ళ డాక్టర్ల చేత ఉత్తరాలు రాయించుకొచ్చాడు. రెండోదానికి ఆయన దగ్గర ఏమీ లేదు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి. తప్పని రుజువు చెయ్యలేని లెక్క ఎదురైతే ఆయనకి ఊపిరాడదు. ఆ ఊపిరాడనితనమంతా తిరిగి తిరిగి అక్కమీదికే వచ్చేది.

ఆ బెల్టు ఎందుకు తీయాల్సి వచ్చిందో ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. బావకి తెలియదు.

*

బీమా ఆఫీసుకి బస్సులో వెళ్ళారు. ప్రమాదం తర్వాత చెల్లెలు ఆ కారు అమ్మేసింది. బావ ముందు సీట్లో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్కచెల్లెళ్ళు వెనక సీట్లో. అక్క కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది, వేరేవాళ్ళ వస్తువేదో జాగ్రత్త చేస్తున్నట్టు.

చెల్లెలు ఆ సాయంత్రాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకుందో లెక్కలేదు. ఎప్పుడూ ఒకేలా గుర్తొచ్చేది. వెనక సీట్లో ఉన్న సంచిలో ఫోను మోగుతోంది. ఆ రోజు స్కూలు యజమాని ఫోన్ చేస్తానన్నాడు, హెడ్ ఇన్‌స్ట్రక్టర్ పదవి ఎవరికిచ్చేదీ చెప్పడానికి. "అక్కా, అది కాస్త అందుకోవా" అంది తను. అక్క బెల్టు తీసి, వెనక్కి తిరిగి, సంచిలోంచి ఫోను లాగి ఎవరు చేస్తున్నారో చూపించింది. తను తల తిప్పి చూసింది. మళ్ళీ రోడ్డు వైపు చూసేసరికి లారీ వెనక తలుపు మీద రంగు పెచ్చులు కూడా కనిపించేంత దగ్గరికి వచ్చేసింది.

"ఫోను మోగితే మోగనివ్వండి, చూపు రోడ్డుమీదనుంచి కదలకూడదు" అన్నది తను నేర్చుకునేవాళ్ళకి రోజుకి పదిసార్లు చెప్పే మాట.

ఆసుపత్రిలో పోలీసు వచ్చి అడిగినప్పుడు, సాయంత్రపు ఎండ కళ్ళలో పడిందని చెప్పింది. అదే రాసిచ్చింది. పక్క మంచంమీద అక్క కళ్ళు తెరిచే ఉంది. విన్నది. పోలీసు అటు తిరిగి బెల్టు సంగతి అడిగితే, పెట్టుకోలేదని మాత్రం చెప్పింది. ఆ తర్వాత ఆ విషయం ఇద్దరూ ఎత్తలేదు. మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయం కాదది. ఒకరు నోరు విప్పలేదు, రెండోవాళ్ళు విప్పమనలేదు.

నేర్పేవాళ్ళు ఫోను చూస్తూ గుద్దారని తెలిస్తే, నేర్పడానికి ఇచ్చిన పర్మిట్ రద్దవుతుంది. మళ్ళీ ఇవ్వరు. మొదటి నెలలో చెల్లెలికి ఆ భయమే. తర్వాత తర్వాత బావ ఒక్కొక్కసారీ 'ఆ బెల్టు' అన్నప్పుడల్లా ఆ భయం పక్కకి తప్పుకుని ఇంకేదో వచ్చి కూర్చునేది. పైగా బావ తనని ఒక్క మాట అనలేదు. 'ఎండకి ఎవరేం చేస్తారు, ఊరికే కుమిలిపోకు' అని ఓదార్చాడు కూడా. ఆ ఓదార్పు తీసుకున్నందుకు ఆమెకి ఇప్పటికీ తలెత్తాలనిపించదు.

*

సెటిల్మెంట్లు చూసే ఆఫీసరు యాభై దాటిన మనిషి. కళ్ళజోడు తాడుకి వేలాడేసుకుని, ఎదుటివాళ్ళు చెప్పింది పూర్తయ్యాక కూడా రెండు క్షణాలు ఆగి మాట్లాడే అలవాటు. బావ ఉత్తరాలు ఒక్కొక్కటే ముందుకి జరిపాడు. ఆఫీసరు అన్నీ చదివాడు. చదివి, ఉత్తరాలు బాగానే ఉన్నాయిగాని డాక్టరు పరీక్షలో ఆవిడ గ్లాసు పట్టుకుంది, బొత్తాం పెట్టుకుంది, సంతకం కూడా చేసింది, మరి పనికి మాత్రం ఎందుకు పనికిరాదో తనకి అర్థం కావాలి కదా అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు.

బావ జవాబు చెప్పబోయాడు. అక్క ఆయన చెయ్యి తాకి ఆపింది.

"మీ పై వరసలో ముందు పన్ను కట్టించుకున్నది కదండీ?" అంది.

ఆఫీసరు చటుక్కున పెదవులు మూశాడు.

"ఆ పన్ను అంచు పక్కదానికంటే గోటి మందం ఎక్కువ ఉంది. అందుకే 'ఫ' అనేటప్పుడు గాలి తేడాగా వస్తోంది మీకు. కంటికి కనపడేది కాదది. నేనైతే మైనం మీద ఇలా బొటనవేలు పెట్టి లాగేదాన్ని. వెంట్రుకంత ఎత్తున్నా వేలికి తగిలేది. ఇప్పుడు వేలు పెడతాను. మైనం ఉందో, బల్ల ఉందో తెలియడం లేదు. పోయిన నెల దీపం మీద వేలు పెట్టి, కాలిన వాసన వస్తే అప్పుడు చూసుకున్నాను."

ఆఫీసరు నాలుకతో ఆ పన్ను తడుముకోవడం ముగ్గురికీ తెలిసింది. ఆయన కొంచెం నవ్వాడు. ఆరేళ్ళుగా ఇంట్లో తనని ఆ 'ఫ' మీదే ఆటపట్టిస్తున్నారని ఒప్పుకున్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద ఏదో కొట్టేసి, ఇంకేదో రాశాడు. చేతి విషయంలో నాలుగోవంతు మాట తాను వదిలేస్తాననీ, వృత్తి పూర్తిగా పోయినట్టే లెక్కకట్టమని పైకి రాస్తాననీ చెప్పాడు.

బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితాలు సర్దే మిషమీద తల వంచుకున్నాడు.

"ఇక బెల్టు సంగతి" అన్నాడు ఆఫీసరు. ఆ మూడోవంతు కోత తాను పెట్టింది కాదనీ, కారణం లేకుండా తీసే వీలు లేదనీ చెప్పాడు. అక్కవైపు తిరిగి అడిగాడు. "మీరు మామూలుగా బెల్టు పెట్టుకోరామ్మా?"

"ఆ రోజు లేదండీ" అంది అక్క.

"కారణమేమన్నా ఉందా?"

అక్క నోరు తెరిచేలోపల బావ అందుకున్నాడు. "కారణమేముంటుంది సార్, అజాగ్రత్త. చెల్లెలు పది మందికి డ్రైవింగ్ నేర్పుతుంది, ఈవిడకి మాత్రం బెల్టు పెట్టుకోవడం చాతకాదు. ఇంట్లో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. తన చెయ్యి తనే పోగొట్టుకుంది."

అక్క ముఖంలో ఏమీ మారలేదు. అది చూశాకే చెల్లెలికి ఇక కూర్చోవడం చేతకాలేదు. ఆ మాటలు అక్కకి అలవాటైపోయాయి. ఎండకి అలవాటైనట్టు, వానకి అలవాటైనట్టు.

"నేను తీయమన్నాను" అంది చెల్లెలు.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"బెల్టు పెట్టుకునే ఉందండీ. నా ఫోను వెనక సీట్లో మోగుతుంటే అందుకోమని నేనే అడిగాను. దానికోసం తీసింది. నేను ఫోను వైపు చూశాను. ఎండ లేదు, ఏమీ లేదు. నేను రాసిచ్చింది అబద్ధం."

బావ మరదలి వైపు చూడలేదు. పెళ్ళాం వైపు చూశాడు.

"అదేం కాదండీ" అంది అక్క, మెల్లగా, ఆఫీసరుతోనే. "నాకు డబ్బు తగ్గుతోందని కల్పించి చెబుతోంది. చిన్నప్పటినుంచీ దీనికి ఉన్న రోగమే అది. నేను బెల్టు పెట్టుకోలేదు. అంతే."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. ఈసారి రెండు క్షణాలు కాదు, చాలాసేపు ఆగాడు. తర్వాత, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎవరి మొహమూ చూడకుండా, నియమం ఏమిటో చెప్పాడు. నడిపే మనిషి తన పనికోసం బెల్టు తీయించిందని తేలితే ఆ మూడోవంతు తప్పు గాయపడ్డవాళ్ళ మీద వెయ్యడం న్యాయం కాదు. కోత పోతుంది. కాని నడిపే మనిషి తప్పుడు వాంగ్మూలం ఇచ్చింది గనక, కంపెనీ ఇవ్వాల్సింది వీళ్ళకి ఇచ్చి, ఆనక ఆవిడ దగ్గర వసూలు చేసుకోవాలని చూడొచ్చు. పర్మిట్ సంగతి తన పరిధి కాదు, కాని కాగితం పర్మిట్ ఇచ్చే ఆఫీసుకీ వెళుతుంది.

"నేనీ మాటలు విన్నాను గనక విననట్టు ఉండలేను" అన్నాడు. "కాని రాయకుండా ఒప్పుకోనూలేను. ఎల్లుండి పదింటికి ఇద్దరూ జరిగింది జరిగినట్టు రాసి సంతకాలు చేసి తెండి. రెండూ ఒకేలా ఉండాలి. లేకపోతే పాత ఆఫరే ఉంటుంది."

*

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ ఖాళీ సీట్లున్నా నిలబడే వచ్చాడు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వెనక గదిలోకి వెళ్ళాడు, అక్క పనిచేసుకునే గది అది. అచ్చులమీద గుడ్డ కప్పి ఉంది. అక్క ఆయన వెనకే వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. వసారాలో నిలబడ్డ చెల్లెలికి అక్కణ్నుంచి పోవాలో ఉండాలో తెలియలేదు.

"నిజమేనా?" అన్నాడు బావ.

అక్క జవాబు చెప్పలేదు. ఆ ఇంట్లో ఆమె జవాబు చెప్పకపోవడమంటే ఏమిటో ఆయనకి పద్నాలుగేళ్ళుగా తెలుసు.

"తొమ్మిది నెలలు నిన్ను అంటూనే ఉన్నాను కదే. పొద్దున్నా అన్నాను. వాడెవడో ముందు కూడా అన్నాను. ఒక్కసారి, నోరుముయ్యండి, కాదు అని ఎందుకనలేదు?"

"అంటే దాన్ని అనేవారు."

"అంటే అనేవాణ్ణి. అనాల్సిందే కదా."

"నన్నంటే నాలుగు రోజులకి మర్చిపోయి అన్నం వడ్డించమంటారు. దాన్నంటే అది ఈ ఇంట్లో ఉండేది కాదు. ఏదో ఒకటి చేసుకునేది. అప్పుడది ఎలా ఉందో మీరు చూశారుగా."

బావ గుడ్డ కొస సర్ది వదిలేశాడు. గదిలోంచి బయటికొచ్చాడు. "బావగారూ" అంది చెల్లెలు.

"నన్నిప్పుడు పలకరించకమ్మా" అన్నాడాయన. తిట్టినట్టు కాదు. అడుక్కున్నట్టు. అలాగే వీధిలోకి వెళ్ళిపోయాడు.

చెల్లెలు వెనక గదిలోకి వెళ్ళింది. అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. తను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంటే, ఎప్పట్లాగే అక్క తల నిమిరి పోనీలే అంటుందనుకుంది. ఇంటికొచ్చే దారంతా తాను ఎదురుచూసింది ఆ 'పోనీలే' కోసమేనని ఆమెకి అప్పుడే తెలిసింది.

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎందుకు చెప్పావు బుల్లీ?"

"నీకు న్యాయంగా రావాల్సింది రావాలి కదక్కా."

"తొమ్మిది నెలల కిందటా అది న్యాయమే కదా."

చెల్లెలు తల వంచుకుంది.

"మీ బావ ఇంట్లో అన్నప్పుడు విన్నావు. పక్కనే కూర్చుని అన్నం తింటూ కూడా విన్నావు. ఇవాళ పరాయివాడి ముందు అనేసరికి నీ చెవులకి బాధేసింది. నీ బరువు దింపుకున్నావు, బాగుంది. అది ఎవరి నెత్తిన పడిందో చూశావా? ఆయన మొహం చూశావా?"

అక్క ఇంత మాట్లాడటం చెల్లెలు ఎప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే అక్క ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగబట్టింది.

"నన్నేం చెయ్యమంటావో చెప్పక్కా. నువ్వు కాదంటే రాయను. పాత ఆఫరుకే సంతకం పెడదాం."

"అంటే మళ్ళీ నేనే చెప్పాలి." అక్క లేచి, బల్ల సొరుగులోంచి తెల్ల కాగితాలు, కలం తీసి బల్లమీద పెట్టింది. ఎడమచేత్తో కాగితాలు విడదీయడానికి కొంచెం సేపు పట్టింది. చెల్లెలు సాయం రాబోతే వద్దంది. "కూర్చో. రాయి. నువ్వు రాసింది చూసి నేనూ రాస్తాను. నా చేతికి ఎంత విలువుంటే అంతా నాకు కావాలి. ఇన్నాళ్ళూ వద్దనుకున్నాను. ఇవాళ ఆ ఆఫీసరు ముందు నా పనేమిటో చెబుతుంటే కావాలనిపించింది."

చెల్లెలు స్టూలు మీద కూర్చుంది. తారీఖు వేసింది. పేరు రాసింది. ఆఫీసులో చెప్పింది చెప్పినట్టు రాసింది. ఫోను మోగింది, అందుకోమన్నాను, అక్క బెల్టు తీసింది, నేను అటు చూశాను, లారీ. అయిదు వాక్యాలు. పర్మిట్ పోయేది, కంపెనీ వసూలుకి వచ్చేది ఆ అయిదు వాక్యాల వల్లేనని తెలిసీ ఆగకుండా రాసింది. అంతా రాసేశాక, ఎన్నాళ్ళకో గుండెలనిండా గాలి పీల్చుకున్నట్టనిపించింది. కాగితం అక్క వైపు తిప్పింది.

అక్క నిలబడే చదివింది. రెండోసారి చదివింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే కదక్కా."

"ఫోను మోగగానే నేనేమన్నాను?"

చెల్లెలు కలం మూత పెట్టబోతూ ఆగిపోయింది.

ఆమెకి గుర్తులేక కాదు. గుర్తుంది. ఈ తొమ్మిది నెలలూ ఆ సాయంత్రాన్ని తలుచుకున్న ప్రతిసారీ ఆ ఒక్క మాట దాటి అవతలినుంచి మొదలుపెట్టేది. అలా దాటీ దాటీ అది అసలు లేనట్టే అయిపోయింది. ఆఫీసులో అంతా ఒప్పేసుకున్నాననుకున్నప్పుడు కూడా దాన్ని దాటే ఒప్పుకుంది.

"బండి పక్కకి తీసి ఆపు, అప్పుడు అందుకుంటానన్నావు" అంది.

"నువ్వేమన్నావు?"

"ఆపితే ఆయన ఫోను పెట్టేస్తాడు, నువ్వు తియ్యక్కా, ఏం కాదు, నడిపేది నేను కదా అన్నాను."

"అది రాయి."

బయట గేటు చప్పుడైంది. బావ తిరిగొచ్చినట్టున్నాడు. ఆయన అడుగులు వసారాలో ఆగిపోయాయి. లోపలికి రాలేదు, వెళ్ళిపోలేదు.

చెల్లెలు ఆ కాగితం పక్కన పెట్టి ఇంకో కాగితం తీసుకుంది. తారీఖు, పేరు మళ్ళీ రాసింది. ఈసారి మొదటి వాక్యానికి చాలాసేపు పట్టింది. 'బండి ఆపమని మా అక్క అడిగింది' అని రాసి, చుక్క పెట్టింది.

వెనకనుంచి వంగి చదువుతున్న అక్క ఊపిరి ఆమె చెవికి తగిలింది.

"ఒకసారి కాదు" అంది అక్క. "రెండుసార్లు."